అర మనిషి

నన్ను మొదలు లెక్కల రాసింది కుర్మప్ప మేస్త్రి.
దేవరకద్ర స్టేషన్ల, ఆర్పిన బీడి చెవెనక వెట్టుకొని
ఒక్కొక్కర్ని ఏలుతోని పొడుస్తు:
"జోడీలు పదిహేడు,
ఒంటి మనుషులు ఇద్దరు,
గీ పోరడు అర."

అర అంటే నేను.
కూలి అరనే గని రొట్టె నిండుగ ఏసేటోళ్ళు,
ఎవరి పొయికాడ కూసున్నా.

మనిషి పుట్టంగనే మనిషి గాడని
కట్ట మీద నేర్చుకున్న.
తట్ట నెత్తికెత్తెటందుకు ఒకరుండాలె,
దించెటందుకు ఇంకొకరుండాలె,
ఆ ఇద్దరి నడుమ నడిసెటోన్ని మనిషంటరు.
నాకు జరమొచ్చిన దినాల
నా పాలు మట్టి ఎవలో మోసిన్రు.
ఎవలని అడిగితే ఎవలూ చెప్పలే.
మూడో ఎండకాలం జంగిలప్ప కాలిరిగింది,
ఆయన పాలు నేను మోసిన.
నేనూ చెప్పలే.
ఆ నెల మేస్త్రి బుక్కుల
నా పేరు ముంగట అర కొట్టేసి ఒకటేసిండు.
మా అమ్మ గుంపుకంత బెల్లం పంచింది.

మా చెల్లె బిడ్డ పాలమూరుల డిగ్రీ సదువుతది.
ఎక్కడో ఆఫ్రికా దేశాల పెద్దలంటరట:
మనుషుల నడుమనే మనిషి మనిషైతడని.
నాకు నవ్వొచ్చింది.
ఆ పెద్దలు ఎప్పుడన్న తట్ట మోసిన్రేమో బిడ్డా, అన్న.
మరి అయిన మనిషిని కాకుండ చేసెటోళ్ళ సంగతేందని అడిగితే
అది పరీక్షకు రాదు మామా, అంది.

రాకపోతే మాయె.
నాకు రోజూ వస్తది.

బుగ్గమ్మ మా గుంపుదే.
గుడిసెల కన్నది, ఆడిపిల్ల.
తొమ్మిదో దినం పొద్దుగాల పిల్ల సల్లగైంది.
ఇంక పేరు వెట్టలే, తొట్ల ఎయ్యలే,
"మనిషిగాక ముందే పాయె, ఏడ్పెందుకు" అన్నరు పెద్దమనుషులు.
దినం లేదు, పిట్టకు ముద్ద లేదు.
తెల్లారి బుగ్గమ్మ తట్టవట్టింది,
పాలు కారి రవికె తడుస్తుంటె.
కట్టల ఏడ బొందవెట్టిన్రో నాకు ఎరుకే.
ఆ జాగ మీదికెల్లి ఇప్పుడు లారీలు పోతయి.

మరుసటేడు మొగడు వోయిండు.
మేస్త్రి అన్నడు, జోడి ఇరిగింది, ఇగ నువ్వు అర.
మా బాసల పిల్ల పదమూడేండ్లకే పెద్దమనిషైతది,
కూలికాడ మటుకు ముప్పై దాటినా అరనే.
బుగ్గమ్మ ఒప్పుకోలే.
"నిండు కూలి, నా పేరు మీద, నా చేతికి."
రాత్రి కందిలి నడుమ వెట్టి పంచాయతి.
గుంపంటే ఒక్క కడుపు, నీది నాది ఏందన్నరు.
ఆమె లేసి నిలవడ్డది:
"ఎవరెత్తకున్న, ఎవరు దించకున్న
నా పిల్ల తొమ్మిది దినాలు మనిషే.
నేనూ అంతే."

తెల్లారేసరికి గుడిసె ఖాళి.
ఆమె అడ్వాన్సు పదకొండు వేలు మా అందరి మీద వడ్డది.
గుడిసెకింతని తెంపిన్రు.
ఆ ఏడు మా అమ్మ పుస్తెల తాడు కుదవవెట్టింది,
అది అబద్దం గాదు.
బుగ్గమ్మొస్తే నీళ్ళ బిందె ముట్టనియ్యద్దని తీర్మానం.
చేతులెత్తమన్నరు.
నన్ను ఒకటి చేసిన చేతులే
ఆమెను సున్న చేసినయి.
అండ్ల నా చెయ్యి గూడ ఉన్నది.

మొన్న జడ్చర్ల బస్టాండుల
తోపుడుబండి మీద ఉడకవెట్టిన పల్లికాయ.
జుట్టు నెరిసింది, గొంతు అదే.
గుర్తువట్టింది.
"గుంపుల ఎంతమందున్నరిప్పుడు?"
"ఇరవై ఒకటిన్నర."
"అర ఎవలు?"

నేను పల్లికాయ దిక్కు చూసిన.
ఆమె మల్ల అడగలే.
పావుశేరు జోకింది, పైన పిరికెడేసింది.
ఇరవై ఇస్తె
చిల్లర రెండు సార్లు లెక్కవెట్టి
ఐదు రూపాయలు నా చేతుల వెట్టింది.
"ఉంచుకో" అన్న.
"ఎందుకు?" అంది.

బస్సొచ్చింది.
కాయ ఇంకా ఉడుకుగనే ఉండె.